సరౌండ్ డీకోడర్ లెక్క మారితే మూల సీటుకు ఏమవుతుంది?

సరౌండ్ సిస్టమ్ గురించి మాట వస్తే చర్చంతా స్పీకర్లు ఎన్ని, వాట్లు ఎన్ని, గది ఎంత అన్న వాటి చుట్టూనే తిరుగుతుంది. హాల్లో నలుగురు కూర్చుంటే నలుగురికీ సరిగ్గా వినిపించడం లేదంటే కూడా స్పీకర్లను అటూ ఇటూ జరిపి చూడమనే సలహాయే దొరుకుతుంది. నిజానికి ఆ సమస్యలో పెద్ద భాగం డీకోడర్‌ది. ఒక శబ్దాన్ని ఏ స్పీకర్‌కు ఎంత మోతాదులో పంపాలి, ఏ ఫేజ్‌లో (తరంగం ఎగుడుదిగుళ్లలో ఏ దశలో) పంపాలి, ఎంత ఆలస్యంగా పంపాలి అని నిర్ణయించేది అదే. ఆ లెక్క మారిస్తే చాలు, స్పీకర్లను అంగుళం కూడా కదపకుండానే, బాగా వినిపించే చోటు పెరుగుతుంది లేదా కుదించుకుపోతుంది. విచిత్రం ఏమిటంటే, గది నడుమ కూర్చున్నవారికి అన్నిటికన్నా కచ్చితంగా వినిపించేలా తయారైన లెక్కే చాలాసార్లు మూలన కూర్చున్నవారిని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఎందుకలా జరుగుతుందో మామూలు స్టీరియోలోనే తెలిసిపోతుంది. రెండు స్పీకర్లు 2 మీటర్ల ఎడంలో ఉన్నాయి, వినేవారు రెండింటికీ 2 మీటర్ల దూరంలో, సమబాహు త్రిభుజం మూడో కొనలో కూర్చున్నారు. గాయని గొంతు రెండింటిలోనూ సమానంగా వస్తే, స్పీకరే లేని నట్టనడుమ నుంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది. ఆడియో వాళ్లు దీన్నే ఫాంటమ్ ఇమేజ్ అంటారు. ఇప్పుడు ఆ మనిషి ఎడమకు 20 సెంటీమీటర్లు జరిగితే ఎడమ స్పీకర్ 1.91 మీటర్ల దూరానికి వస్తుంది, కుడిది 2.11 మీటర్లకు పోతుంది. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి కుడి వైపుది 0.58 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. ఆ కాస్త తేడాకే గొంతు ఎడమ వైపు బాగా జరిగిపోతుంది. తేడా 1 మిల్లీసెకను దాటేసరికి ఎడమ స్పీకర్‌కు అతుక్కుపోతుంది. సోఫాలో పక్కనున్న మనిషికి ఫాంటమ్ ఇమేజ్ అనేదే ఉండదు.

ముందు చేరిన శబ్దమే దిక్కును నిర్ణయిస్తుందన్న ఈ ధర్మాన్ని జర్మనీలోని గోటింగెన్‌లో హెల్ముట్ హాస్ 1949లో తన డాక్టరేట్ పరిశోధనలో వివరంగా కొలిచాడు. అందుకే దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. అతని కొలతల్లో మరో ముఖ్యమైన సంగతి ఉంది. 5 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చే రెండో శబ్దం మొదటిదానికన్నా దాదాపు 10 డెసిబెళ్లు గట్టిగా ఉన్నా సరే, దిక్కు విషయంలో చెవి మొదటిదాన్నే నమ్ముతుంది. కాబట్టి ఏదైనా డీకోడర్‌ను పరీక్షించాలంటే ఒకే ప్రశ్న అడగాలి: ఒక శబ్దాన్ని వినిపించడానికి అది ఎన్ని స్పీకర్లను కదిలిస్తోంది, వాటిలో తప్పు దిక్కున ఉన్నది ఏ సీటుకు దగ్గరగా ఉంది?

1970ల మొదట్లో వచ్చిన క్వాడ్రఫోనిక్ (నాలుగు ఛానెళ్ల, పొట్టిగా క్వాడ్) రికార్డులు ఈ ప్రశ్న దగ్గరే తడబడ్డాయి. సీబీఎస్ వారి ఎస్‌క్యూ, సాన్సుయి వారి క్యూఎస్ పద్ధతుల్లో నాలుగు ఛానెళ్లను రెండుగా మడిచి రికార్డు గాడిలో పెట్టి, ఇంట్లో డీకోడర్‌తో మళ్లీ నాలుగుగా విప్పేవారు. రెండులోంచి నాలుగు విప్పితే అవి పూర్తిగా విడిపోవు. ఇలా మడిచి విప్పే మామూలు మ్యాట్రిక్స్ డీకోడర్‌లో ఒక మూలకు వెళ్లాల్సిన శబ్దం మరో రెండు స్పీకర్లలోకి కేవలం 3 డెసిబెళ్లు తక్కువగా కారిపోయేది. నట్టనడుమ కూర్చుంటే ఆ కారిన శబ్దాలను చెవి ఎలాగో సర్దుకుంటుంది. వాటిలో ఒక స్పీకర్ పక్కన కూర్చుంటే మాత్రం కాలంలోనూ అదే ముందు, మోతాదులోనూ అదే ఎక్కువ. క్వాడ్ దెబ్బతినడానికి ఒకదానికొకటి పొసగని ఫార్మాట్లే కారణమని సాధారణంగా చెబుతారు. అది నిజమే, కానీ ఇంట్లో ఒక్క కుర్చీకి తప్ప పనికిరాని వస్తువును ఎవరు మాత్రం ఎంతకాలం భరిస్తారు?

సినిమా హాల్లో ఒక్క కుర్చీకి కుదిరితే చాలనుకోవడం చెల్లదు. వందల మంది టికెట్ కొంటారు, నట్టనడుమ సీటు ఒక్కరికే. డాల్బీ స్టీరియో కూడా మ్యాట్రిక్సే. ఎడమ, నడిమి, కుడి, సరౌండ్ అనే నాలుగింటిని ఫిల్మ్ అంచున ఉండే రెండు ఆప్టికల్ ట్రాకుల్లో ఇమిడ్చేవారు. 1977లో 'స్టార్ వార్స్'తో అది ప్రపంచానికి తెలిసింది. క్వాడ్‌లో ఉన్న 3 డెసిబెళ్ల కారుడు ఇందులోనూ ఉంది. కాకపోతే దాన్ని రూపొందించినవాళ్లు ఆ కారుడు ఉంటుందని ఒప్పుకుని, అది ఏ సీటులోనూ పట్టుబడకుండా జాగ్రత్తలు తీసుకున్నారు. మొదటిది తెర వెనక నడిమి స్పీకర్. మాటలన్నీ అందులోంచే రావడంతో ఫాంటమ్ ఇమేజ్ మీద ఆధారపడే పని తప్పింది. పక్క వరసలో కూర్చున్నవారికి కూడా హీరో నోరు, మాట ఒకచోటే ఉంటాయి. రెండోది, సరౌండ్ ఛానెల్‌ను 7 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేయడం. 'స', 'ష' లాంటి పదునైన ధ్వనులే దిక్కును తేలిగ్గా పట్టిస్తాయి, అవి గోడ స్పీకర్లలోంచి లీకై వినిపించకుండా ఆ కోత.

మూడోది ఆలస్యం. 30 మీటర్ల పొడవున్న హాల్లో చివరి వరస సీటును తీసుకుందాం. తెర 28 మీటర్ల దూరం, పక్క గోడ మీది సరౌండ్ స్పీకర్ 4 మీటర్లు. తేడా 24 మీటర్లు, అంటే 70 మిల్లీసెకన్లు. డీకోడర్ ఏమీ చేయకపోతే, హీరో డైలాగులో సరౌండ్‌లోకి కారిన ముక్క తెర నుంచి రావలసిన డైలాగు కంటే 70 మిల్లీసెకన్ల ముందే ఆ ప్రేక్షకుడి చెవిన పడుతుంది, అదీ పక్క గోడ నుంచి. అందుకని సరౌండ్ మొత్తాన్ని ఆ 70కి మరో 20 కలిపి 90 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తారు. ఇక చివరి సీటులో కూడా తెరదే మొదటి శబ్దం, మిగతాది హాస్ చూసుకుంటాడు. దీనికి మూల్యం ముందు వరస చెల్లిస్తుంది. అక్కడ తెర 8 మీటర్లు, సరౌండ్ 5 మీటర్లు అనుకుంటే సరౌండ్ శబ్దం 80 మిల్లీసెకన్లు వెనకబడి వస్తుంది. గాలి, వాన, జనం హోరు లాంటి వాటికి ఆ ఆలస్యం తెలియదు. తలుపు ధడేలుమన్న చప్పుడుకైతే తెలుస్తుంది. సరౌండ్‌ను అప్పట్లో ఎక్కువగా వాతావరణ ధ్వనులకే వాడుకోవడంలో అభిరుచితో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఇళ్లకు ఇదే పద్ధతి డాల్బీ సరౌండ్ పేరుతో 1982లో వచ్చింది, కానీ మొదటి డీకోడర్లలో నడిమి ఛానెల్ లేదు. సోఫా అంచున ఉన్నవారికి మాటలు మళ్లీ దగ్గరి స్పీకర్‌లోకి జారిపోయేవి. 1987లో డాల్బీ వారి ప్రోలాజిక్ డీకోడర్ నడిమి ఛానెల్‌ను ఇచ్చింది, దాంతో పాటు స్టీరింగ్ అనే కొత్త పని కూడా మొదలుపెట్టింది. ఆ క్షణంలో ఏ దిక్కు శబ్దం బలంగా ఉందో సర్క్యూట్ పసిగట్టి, మిగతా స్పీకర్లలోకి కారుతున్న ఆ శబ్దాన్ని రద్దు చేస్తుంది. ఎంపిక చేసిన ఆ దిక్కుకు ఛానెళ్ల మధ్య ఎడం 3 డెసిబెళ్ల నుంచి ఎన్నో రెట్లు పెరిగింది. ఒక శబ్దానికి దాదాపు ఒకే స్పీకర్ మోగుతుంటే ఏ సీటు నుంచి విన్నా అది అక్కడే ఉంటుంది. చిక్కల్లా రెండు దిక్కుల నుంచి రెండు బలమైన శబ్దాలు ఒకేసారి వచ్చినప్పుడు. స్టీరింగ్ దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేక ఊగిసలాడేది, సంగీతంలో ఆ ఊగిసలాట స్పష్టంగా వినిపించేది.

జిమ్ ఫాస్‌గేట్ రూపొందించిన ప్రోలాజిక్ 2 దీన్ని చాలావరకు దారికి తెచ్చింది. అందులోని మ్యూజిక్ మోడ్‌లో 'సెంటర్ విడ్త్' అనే సెట్టింగ్ ఒకటి ఉంది. పాత రిసీవర్ (డీకోడర్, యాంప్లిఫయర్ కలిసి ఉండే పెట్టె) ఇంకా ఇంట్లో ఉన్నవారు మెనూలో చూడొచ్చు. 0 దగ్గర పెడితే గాయని గొంతు మొత్తం నడిమి స్పీకర్‌లోంచి వస్తుంది. 7 దగ్గర నడిమి స్పీకర్ ఊరుకుంటుంది, గొంతు ఎడమ కుడి స్పీకర్ల మధ్య ఫాంటమ్‌గా నిలబడుతుంది. ఒక్కరే కూర్చుని వినేటప్పుడు 7 వైపు జరిపితే పాట విశాలంగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ వినేటప్పుడు 0 వైపు జరపాలి. వినే ప్రాంతాన్ని ఇంత నేరుగా వాడేవారి చేతికి అప్పగించిన సెట్టింగ్ మరొకటి కనిపించదు. మాన్యువల్‌లో మాత్రం దాన్ని రుచికి సంబంధించిన విషయంలా రెండు ముక్కల్లో తేల్చేస్తారు.

డీకోడింగ్ ప్రభావాన్ని నిజంగా లోతుగా చూడాలంటే ఆంబిసోనిక్స్ అనే రికార్డింగ్ పద్ధతి దగ్గరకు వెళ్లాలి. 1970లలో ఆక్స్‌ఫర్డ్‌లో మైకేల్ గెర్జన్, రెడింగ్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫెల్గెట్ మొదలైనవారు దీన్ని అభివృద్ధి చేశారు. ఇందులో రికార్డు చేసేది స్పీకర్ ఛానెళ్లను కాదు. ఒక బిందువు దగ్గర మొత్తం ఒత్తిడి ఎంత, ముందు వెనకలుగా, ఎడమ కుడిగా, పైకీ కిందికీ ఎంత అన్న నాలుగు సంకేతాలను నమోదు చేస్తారు. స్పీకర్లు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నది డీకోడర్ తర్వాత చూసుకుంటుంది. అంటే ఒకే రికార్డింగ్‌ను అవే స్పీకర్ల మీద రెండు మూడు రకాలుగా విప్పి, తేడాను పక్కపక్కనే పెట్టి వినొచ్చు.

గెర్జన్ వినికిడిని రెండు వెక్టర్లుగా, అంటే దిక్కు, పొడవు ఉన్న రెండు బాణాలుగా విడదీశాడు. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో చెవులు రెండింటి మధ్య ఫేజ్ తేడాను వాడుకుంటాయి, దానికి వేగపు వెక్టర్. ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో శక్తి ఎటు నుంచి ఎక్కువగా వస్తోందో చూస్తాయి, దానికి శక్తి వెక్టర్. గీత సుమారు 700 హెర్ట్జ్ దగ్గర గీస్తారు. ఆ అంకె ఊరికే రాలేదు. పైన చెప్పిన నాలుగు సంకేతాల పద్ధతి మొదటి ఆర్డర్, సంకేతాలు పెంచి దిక్కు వివరాలను పెంచితే ఆర్డర్ పెరుగుతుంది. మొదటి ఆర్డర్ ఆంబిసోనిక్స్ అసలు ధ్వని తరంగాన్ని ఉన్నదున్నట్టు తిరిగి కట్టగల వృత్తం వ్యాసార్ధం ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తగ్గుతుంది. 700 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 8 సెంటీమీటర్లు, అంటే ఒక తల పట్టేంత. 7 కిలోహెర్ట్జ్‌కు వచ్చేసరికి 8 మిల్లీమీటర్లు. కచ్చితత్వం అనేది ఒకే ఒక తలకు, అదీ తక్కువ ఫ్రీక్వెన్సీలకు మాత్రమే సాధ్యం.

ఇప్పుడు 4 మీటర్ల చదరం నాలుగు మూలల్లో నాలుగు స్పీకర్లు పెట్టి, ముందు ఎడమ మూల నుంచి ఒక శబ్దం రావాలనుకుందాం. 'బేసిక్' డీకోడర్ ఆ స్పీకర్‌కు 0.75, రెండు పక్క మూలలకు చెరో 0.25, ఎదుటి మూలకు మైనస్ 0.25 పంపుతుంది. మైనస్ అంటే ఫేజ్ తిరగబడినది. నడుమ కూర్చున్నవారికి ఈ మైనస్ వల్లే తరంగం సరైన ఆకారంలో కుదురుతుంది. అదే మనిషి వెనక కుడి మూలలో, ఆ స్పీకర్‌కు 1 మీటరు దూరంలో కూర్చుంటే? శబ్దం రావాల్సిన స్పీకర్ 4.66 మీటర్ల దూరంలో ఉంది. మూల స్పీకర్‌కు డీకోడర్ 9.5 డెసిబెళ్లు తక్కువే పంపినా, దగ్గరగా ఉన్నందుకు దానికి 13.4 డెసిబెళ్లు కలిసొస్తాయి. చివరికి అది 4 డెసిబెళ్లు గట్టిగా, పైగా 10 మిల్లీసెకన్లకు మించి ముందుగా చేరుతుంది. ముందు ఎడమ నుంచి రావాల్సిన వయొలిన్ సరిగ్గా వ్యతిరేక దిక్కు నుంచి, వీపు వెనక నుంచి మోగుతుంది.

శక్తి వెక్టర్‌ను గరిష్ఠం చేసే 'మ్యాక్స్ ఆర్ఈ' డీకోడర్ ఎదుటి మూలకు పంపేదాన్ని 15 డెసిబెళ్ల కిందికి దించుతుంది. ఆ మూల సీటులో అది ఇప్పుడు అసలు శబ్దంకన్నా 2 డెసిబెళ్లు తక్కువ. అయినా ముందుగా చేరేది అదే కాబట్టి హాస్ లెక్కలో అక్కడ ఇంకా ఓటమే. కాస్త దూరంగా కూర్చున్నవారికి మాత్రం మేలు తెలుస్తుంది. మూడోది 'ఇన్ ఫేజ్' డీకోడర్. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో డేవ్ మాలమ్ పెద్ద హాళ్ల కోసం ఈ దారి పట్టాడు. ఇందులో అసలు స్పీకర్‌కు 0.5, పక్క మూలలకు చెరో 0.25, ఎదుటి మూలకు సున్నా. మూల సీటు పక్కనున్న స్పీకర్ ఈ శబ్దానికి నోరెత్తదు. పక్క మూలలు రెండూ కొంచెం ముందుగా చేరతాయి, కానీ అసలు దిక్కుకు చెరో వైపున సమానంగా ఉంటాయి కనుక శబ్దం వెడల్పుగా పరుచుకున్నా సరైన వైపునే ఉంటుంది. అదే నడుమ కూర్చున్నవారికి ఈ డీకోడర్ మసకగా, దిక్కులు కాస్త కరిగిపోయినట్టుగా అనిపిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. శక్తి వెక్టర్ పొడవు ఒకే స్పీకర్ మోగితే 1. ఈ చదరంలో బేసిక్ డీకోడర్‌కు అది 0.667, ఇన్ ఫేజ్‌కు కూడా సరిగ్గా 0.667, మ్యాక్స్ ఆర్ఈకి 0.707. అంటే ఆ అంకె ప్రకారం బేసిక్, ఇన్ ఫేజ్ రెండూ సమానం. మూల సీటులో మాత్రం ఒకటి వెనక నుంచి, మరొకటి ముందు నుంచి వినిపిస్తుంది. నడుమ కొలిచిన ఏ అంకె అయినా నడిమి గురించే చెబుతుంది. డీకోడర్లను పోల్చే గ్రాఫులు అధికభాగం ఆ నడిమి బిందువు దగ్గర గీసినవే కావడం ఈ రంగంలోని పెద్ద లోటు.

ఆర్డర్ పెంచడం దీనికి అసలైన మందు. మ్యాక్స్ ఆర్ఈతో, ఎత్తు లేకుండా చుట్టూ ఒకే మట్టంలో స్పీకర్లున్న రెండో ఆర్డర్‌లో శక్తి వెక్టర్ పొడవు 0.866, మూడో ఆర్డర్‌లో 0.924. శబ్దం తన దిక్కున ఉన్న స్పీకర్ల దగ్గరే గుమిగూడుతుంది, ఎదుటి గోడ దాదాపు మౌనంగా ఉంటుంది, కాబట్టి మధ్య నుంచి చాలా దూరం జరిగినా దిక్కు నిలుస్తుంది. దీన్ని తరంగాన్ని తిరిగి కట్టడం అనుకుంటే పొరపాటు. 1 మీటరు వ్యాసార్ధంలో 2 కిలోహెర్ట్జ్ దాకా తరంగాన్ని నిజంగా కట్టాలంటే 37వ ఆర్డర్ కావాలి. గోళాకారంలో అయితే 1,444 స్పీకర్లు! మూడో ఆర్డర్ పెద్ద ప్రాంతానికి పనిచేయడం చెవి తీరు వల్లే.

మొదటి నుంచీ తక్కువ స్పీకర్లనే కదిలించే దారి కూడా ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన విల్లే పుల్కీ 1997లో ప్రచురించిన వీబ్యాప్ పద్ధతిలో ఒక శబ్దానికి దగ్గరున్న రెండు, ఎత్తు కూడా ఉంటే మూడు స్పీకర్లే మోగుతాయి. తప్పు ఎంత జరిగినా ఆ రెండు స్పీకర్ల మధ్యలోనే జరుగుతుంది. శబ్దం కదులుతున్నప్పుడు ఒక స్పీకర్ దగ్గర పదునుగా, రెండింటి మధ్య మెత్తగా మారుతుండటం దాని వెలితి. ఇక నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో బెర్కౌట్ 1988లో ప్రతిపాదించిన వేవ్ ఫీల్డ్ సింథసిస్ (దగ్గరదగ్గరగా పేర్చిన స్పీకర్లతో తరంగాన్నే తిరిగి కట్టే పద్ధతి) మధ్య సీటు అన్న ఆలోచననే తీసేసింది. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలోని ఒక లెక్చర్ హాల్లో దానికోసం 832 ఛానెళ్లు పెట్టారు. స్పీకర్ల మధ్య 15 సెంటీమీటర్ల ఎడం ఉన్నా, సుమారు 1.1 కిలోహెర్ట్జ్ పైన తరంగం చెదరడం మొదలవుతుంది. ఇళ్లకు అది అయ్యే పని కాదు.

2012లో వచ్చిన డాల్బీ అట్మాస్‌లో డీకోడర్ స్థానంలో రెండరర్ ఉంటుంది, ఒక్కో శబ్దం ఎక్కడ ఉండాలన్న సమాచారం చూసి ఏ స్పీకర్లను మోగించాలో అది లెక్కిస్తుంది, సినిమా హాల్లో 64 స్పీకర్ల దాకా విడివిడిగా నడుపుతుంది. అంతకు ముందు ఎడమ సరౌండ్ అంటే ఎడమ గోడ స్పీకర్లన్నీ ఒకేసారి మోగేవి, ఎవరి పక్కనున్నది వారికి వినిపించేది, దిక్కు స్థూలంగా ఉన్నా అందరికీ న్యాయం జరిగేది. ఇప్పుడు ఒక హెలికాప్టర్‌ను ఒకే స్పీకర్‌లో పెట్టొచ్చు. దిక్కు ఎవరికీ తప్పదు గానీ ఆ స్పీకర్ కిందే కూర్చున్నవారికి చెవులు హోరెత్తుతాయి. అందుకే మిక్సింగ్ చేసేవాళ్లు ఆబ్జెక్ట్ (ఇలా విడిగా ఉంచిన శబ్దం) పరిమాణాన్ని పెంచి కొన్ని స్పీకర్లకు పంచుతారు. అక్కడ మళ్లీ కచ్చితత్వానికీ వినే ప్రాంతానికీ మధ్య పాత బేరమే.

మన ఇళ్లలో సోఫా వెనక గోడకు ఆనించి ఉండటం మామూలు. సరౌండ్ స్పీకర్లను ఆ గోడకే, సోఫా రెండు కొసల దగ్గర బిగిస్తారు. కొసన కూర్చున్నవారికి ముందు స్పీకర్ 3 మీటర్లు, సరౌండ్ అర మీటరు. సరౌండ్‌కు 15 డెసిబెళ్ల ఆధిక్యం, 7 మిల్లీసెకన్ల ముందంజ పుట్టుకతోనే వచ్చాయి. విడి ఛానెళ్లున్న 5.1 సినిమాలో డైలాగు సరౌండ్‌లోకి కారదు కనుక ఇది బయటపడదు. స్టీరియో పాటను 'ఆల్ ఛానెల్ స్టీరియో' లాంటి మోడ్‌లో పెడితే వెంటనే బయటపడుతుంది, పాట మొత్తం చెవి పక్కన పాడుతుంది. రిసీవర్‌తో వచ్చే మైక్ పెట్టి చేసే ఆటో సెటప్ కూడా దీన్ని సరిచేయలేదు, ఎందుకంటే అది ఆలస్యాలను ఒకే మైక్ చోటుకు, అంటే మధ్య సీటుకు సరిపెడుతుంది. సరౌండ్ స్పీకర్లను తల కంటే రెండడుగులు పైకి జరిపితే దగ్గరి సీటు, దూరపు సీటు మధ్య తేడా తగ్గుతుంది.

ఏ మోడ్ తమ గదికి నప్పుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. నడుమ ఒకే గొంతు ఉండి, వెనక వాయిద్యాలు తక్కువగా ఉన్న పాటను పెట్టి, మధ్యలో కాకుండా సోఫా కొసన, సరౌండ్ స్పీకర్ పక్కన కూర్చుని మోడ్‌లు మార్చుతూ వినాలి. గొంతు తెర దగ్గరే నిలబడిన మోడ్ అందరూ కూర్చున్నప్పుడు వాడదగ్గది. మధ్యలోకి జరిగి విన్నప్పుడు అది కాస్త సాదాగా తోచవచ్చు. అప్పుడు ఒంటరిగా వినే వేళలకు మరో మోడ్‌ను రిమోట్‌లో వేరే బటన్‌కు పెట్టుకోవచ్చు, చాలా రిసీవర్లలో ఆ వీలుంది.